కొందరి పాట, అందరి పాట

ఒక గ్రంథమును తెరచినంతనే మొదటి పుటలో, "ఇందు సగము మీకు అక్కరలేకున్నచో విడిచిపెట్టవచ్చును" అని గ్రంథకర్తయే చెప్పుకొన్నట్లయితే చదువరులు విస్తుపోక మానరు. 1714లో ఆమ్‌స్టర్‌డాం నగరమున ఎస్తియేన్ రోజే అను ప్రచురణకర్త వెలువరించిన ఒక సంగీత గ్రంథపు ముఖపత్రమున దాదాపు ఇట్టి మాటయే ఉన్నది. ఆ గ్రంథమున పన్నెండు రచనలు కలవు. వానిని వాయించుటకు రెండు వయొలిన్లు, ఒక చెల్లో తప్పనిసరి. మరి రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక మంద్రవాద్యము ఉన్న ఉండవచ్చును, లేకున్న మానవచ్చును. ఉండిన పక్షమున ఆ రెండవ జట్టును ఎంతమందితోనైనను పెంచుకొనవచ్చును. అనగా పిడికెడుమంది కూర్చుండి వాయించినను అదే రచన. నూరుగురు కూడి వాయించినను అదే రచన.

ఈ రచనలకు 'కన్చెర్టో గ్రోసో' అని పేరు. రచయిత ఆర్కాంజెలో కొరెల్లి. గ్రంథము అచ్చయి వెలువడునాటికి ఆయన మరణించి ఏడాది గడచినది.

పేరులోని 'గ్రోసో' అను మాటకు పెద్దది అని అర్థము. పెద్ద మేళమని చెప్పుకొనవచ్చును. 'కన్చెర్టో' అను మాట మాత్రము కొంచెము చిత్రమైనది. ఇటాలియను భాషలో అది నలుగురు కూడి పొందికగా ఒక పని చేయుటను తెలుపును. దాని లాటిను మూలమునకు పోటీపడుట, వాదులాడుట అను అర్థము కూడ ఉన్నది. పొందికయు పోటీయు ఒక్క మాటలోనే ఇమిడి ఉండుట ఈ రచనలకు తగియే ఉన్నది. ఇందు వాద్యకారులు రెండు జట్లుగా కూర్చుందురు. చిన్న జట్టునకు 'కన్చెర్టీనో' అని పేరు. రెండు వయొలిన్లు, ఒక చెల్లో, అంతే. పెద్ద జట్టును 'రిపియేనో' అందురు, అనగా నిండించునది. రెండింటికిని క్రింద హార్ప్సికార్డు గాని, ఆర్గను గాని, వీణజాతి వాద్యము గాని శ్రుతులను పూరించుచుండును. చిన్న జట్టు ఒక మాట పలుకును. పెద్ద జట్టు వచ్చి దానిని అందుకొనును. ఒకప్పుడు సమర్థించును, ఒకప్పుడు అడ్డుపడును, మరియొకప్పుడు చివరి రెండు పలుకులను మాత్రము బలపరచి ఊరకుండును.

ఇది మన భజన గోష్ఠిలో ఒకరు పాడగా తక్కినవారు అందుకొనుట వంటిదే కదా అని తోచవచ్చును. కొంతవరకు అంతే. కాని ఒక భేదము కలదు. భజనలో ముందు పాడినవాడు, గోష్ఠి అందుకొన్నప్పుడు ఊపిరి తీసికొనును. కన్చెర్టో గ్రోసోలో చిన్న జట్టు ఎన్నడును ఆగదు. పెద్ద జట్టు వాయించునప్పుడు ఆ ముగ్గురును అందులో కలిసిపోయి వాయించుచునే ఉందురు. కావున కొందరు వేరు, అందరు వేరు కారు. అందరిలో నుండి కొందరి కంఠము ఒక్క క్షణము తేటపడి, తిరిగి అందరిలో కలిసిపోవుట ఇందలి స్వారస్యము.

కొరెల్లి 1653 ఫిబ్రవరి 17వ తేదీన ఇటలీలో, బొలోన్యా, రవెన్నా నగరముల నడుమనున్న ఫుసిన్యానో అను చిన్న ఊరిలో జన్మించినాడు. తండ్రి కుమారుని ముఖము చూడలేదు. శిశువు పుట్టుటకు ఐదు వారముల ముందే గతించినాడు. బాలుడు పదమూడవ యేట బొలోన్యా చేరి వయొలిను అభ్యసించి, 1670లో, పదునేడేండ్ల ప్రాయముననే అచటి సంగీత పరిషత్తులో సభ్యత్వము పొందినాడు. 1675 నాటికి రోము నగరములో ఉన్నాడు. తరువాతి జీవితమంతయు దాదాపుగా ఆ నగరముననే గడచినది.

నాటి రోములో సంగీతము ప్రభువుల మందిరములలోను, దేవాలయములలోను వర్ధిల్లినది. స్వీడను సింహాసనమును విడిచి రోములో స్థిరపడిన క్రిస్తీనా రాణి, ధనికుడును కవియునైన కార్డినల్ పాంఫీలీ, పోపు సోదర సంతతివాడైన కార్డినల్ ఒత్తోబోనీ, ఈ ముగ్గురును క్రమముగా కొరెల్లికి పోషకులైరి. 1687లో ఇంగ్లండు రాజు రెండవ జేమ్సు రాయబారి గౌరవార్థము క్రిస్తీనా రాణి తన మందిరమున జరిపిన ఉత్సవములో నూటయేబది మంది తంత్రీవాద్యకారులు పాల్గొనగా, వారందరికిని కొరెల్లి నాయకత్వము వహించినాడు. ఆనాటి ఐరోపాలో అది ఊహకందని సంఖ్య. అదే మనుష్యుడు మరునాడు ఏ చిన్న గుడిలోనో పది మందితో సరిపెట్టుకొనవలసి వచ్చెడిది. కార్డినళ్ల ఇండ్ల జమాఖర్చుల చిట్టాలు చాల వరకు నేటికిని మిగిలి ఉన్నవి. ఏ పండుగకు ఎందరు వయొలిను వాద్యకారులను అద్దెకు పిలిచినదియు వానివలన తెలియుచున్నది. ముఖపత్రములోని "వాయించువారి ఇష్టము" అను మాట కవి సమయము కాదు. దినదినము సందర్భమును బట్టి మేళమును పెంచుకొనుచు, తగ్గించుకొనుచు బ్రతికిన వాని అనుభవము.

ఈ పద్ధతికి కొరెల్లియే ఆద్యుడని కొందరు వ్రాయుదురు. అంత ఖండితముగా చెప్పుట కష్టము. ఆయనకు ముందే రోములో అలెస్సాండ్రో స్ట్రాదెల్లా చిన్న జట్టును పెద్ద జట్టును ఎదురెదురుగా నిలిపి వ్రాసినాడు. కాని ఈ రూపమునకు ఒక కుదురు కల్పించినవాడు కొరెల్లి అనుటలో సందేహము లేదు. 1680 తరువాతి తొలి సంవత్సరములలో రోమునకు వచ్చిన జార్జి మూఫాట్ అను స్వరకర్త, కొరెల్లి కన్చెర్టోలను పెద్ద మేళముతో వాయించుచుండగా విని తానును అట్టివి వ్రాయుటకు పూనుకొన్నట్లు 1701లో తన గ్రంథపు పీఠికలో చెప్పుకొన్నాడు. అనగా 1714లో అచ్చయిన రచనలలో కొన్నిటికైనను, పుట్టుకకును ముద్రణకును నడుమ ముప్పది యేండ్ల ఎడము ఉండవచ్చును.

ముప్పది యేండ్లు ఆయన ఏమి చేసినట్లు? దిద్దుకొన్నాడు. కొరెల్లి ప్రచురణమునకు సమ్మతించిన గ్రంథములు జీవితకాలమునకంతకు ఆరు మాత్రమే. ఒక్కొక్క దానిలో పన్నెండేసి రచనలు. మొత్తము డెబ్బది రెండు. ఆయన సమకాలికులు వందలకొలది రచనలు చేసిన రోజులవి. మొదటి గ్రంథము 1681లోను, ఐదవది 1700లోను వెలువడినవి. ఆరవది ఈ కన్చెర్టోల సంపుటము. 1712 డిసెంబరులో దీని అంకిత పత్రముపై చేవ్రాలు చేసి, జర్మనీలోని పాలటినేటు ప్రభువునకు అంకితము గావించి, అచ్చు పనిని చూచు భారమును తన శిష్యుడును చిరకాల సహచరుడునైన మత్తేయో ఫోర్నారీకి అప్పగించినాడు. మరుసటి నెల, 1713 జనవరి 8న, కన్ను మూసినాడు.

ఈ నిదానమునకు ఒక మూల్యమును చెల్లించినాడు. వివాల్డీ కన్చెర్టోల సుప్రసిద్ధ సంపుటము, అదే ఆమ్‌స్టర్‌డాంలో, అదే రోజే ముద్రణాలయము నుండి 1711లోనే వెలువడినది. అందులోని వేగము, మెరుపు, ఒక్క వయొలినును మేళమంతటికిని ఎదురుగా నిలిపిన సాహసము యువకుల నాకర్షించినవి. కొరెల్లి చివరి గ్రంథము లోకమునకు అందునప్పటికి కొంచెము పాతబడిన వస్త్రము వలె ఉన్నది. అట్లయినను అది కనుమరుగు కాలేదు. ఎందుకు కాలేదో తెలియవలెనన్న ఆ సంగీతము లోపలి అమరికను కొంత చూడవలెను.

మన సంగీతము ఒక్క రాగధార వెంట నడచును. పక్కవాద్యములున్నను అవి ఆ ధారనే అనుసరించును. ఐరోపా సంగీతమున ఒకే సమయమున రెండు, మూడు, నాలుగు ధారలు వేరువేరుగా నడచుచు, పరస్పరము తగిలినప్పుడెల్ల ఒక పొత్తును కలిగించును. కొరెల్లి ఎక్కువగా ప్రయోగించిన ఉపాయము ఒకటి కలదు. మొదటి వయొలిను ఒక స్వరముపై నిలిచి ఉండును. రెండవది వచ్చి దాని ప్రక్క స్వరమును తాకును. ఆ రెండును ఒక్కసారి మ్రోగినప్పుడు చెవికి చిన్న ఒరపిడి కలుగును. వెంటనే ఒకటి మెట్టు దిగి ఆ ఒరపిడిని తీర్చును. తీరెనో లేదో రెండవది నిలిచిపోగా మొదటిది దాని మీదుగా పైకెక్కి మరియొక ఒరపిడి కలిగించును. ఇట్లు ఒకరి భుజముపై ఒకరు చేయి వేసి మెట్లెక్కినట్లు రెండు వయొలిన్లును సాగుచుండ, క్రింద చెల్లో తడబడని అడుగులతో సమముగా నడచుచుండును. బాధయు, బాధానివృత్తియు, తిరిగి బాధయు. విన్నవారికి ఇందలి శాస్త్రము తెలియనక్కరలేదు. ఊపిరి దానంతట అదే ఆ స్వరములతోపాటు నిలిచి, విడివడును.

ఇంతటి ఫలితమును సాధించిన స్వరములు వాయించుటకు కష్టమైనవి కావు. కొరెల్లి వయొలిను పై తంతిమీద మిక్కిలి ఎత్తులకు ఎన్నడును పోలేదు. ఇది అశక్తత అని ఎత్తిపొడిచినవారు లేకపోలేదు. అష్టాదశ శతాబ్ది ఆంగ్ల సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ ఒక కథ వ్రాసినాడు. కొరెల్లి నేపుల్సు నగరమునకు వెళ్లినప్పుడు, అలెస్సాండ్రో స్కార్లాత్తీ రచనలో ఒక ఎత్తైన స్వర సంచారము ఆయన వ్రేళ్లకు లొంగలేదట. ప్రక్కన కూర్చున్న నేపుల్సు వాద్యకారుడు దానిని సునాయాసముగా వాయించినాడట. కలవరపడిన కొరెల్లి తరువాతి రచనను తప్పు శ్రుతిలో ఎత్తుకొన్నాడు. మన పరిభాషలో చెప్పవలెనన్న సాధారణ గాంధారము పలుకవలసిన చోట అంతర గాంధారము పలికించినాడు. మరల మొదలిడుదమని స్కార్లాత్తీ మెల్లగా హెచ్చరించినను అదే తప్పు చేసినాడు. సిగ్గుపడి, ఎవరితోను చెప్పక రోమునకు తిరిగి వెళ్లిపోయినాడని కథ. ఇందు ఎంత నిజమో ఎంత అతిశయమో గాని, కథ ఒక మనుష్యుని మన కన్నులకు కట్టించుచున్నది. తన మేళములో మాత్రము ఆయన కఠినుడు. ఒక్క విల్లు తక్కిన విండ్లతో కలిసి పైకి లేవకున్నను, క్రిందికి దిగకున్నను వాయిద్యమును ఆపి మరల మొదటినుండి చేయించెడివాడని ఆయన శిష్యుడు జెమినియానీ చెప్పినట్లు అదే బర్నీ వ్రాసినాడు.

వయొలిను అనగానే తెలుగు చదువరుల మనస్సులో మెదలునది వేరొక చిత్రము. విద్వాంసుడు నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముపై ఆనించి, వ్రేళ్లను తంతిపై జార్చుచు గమకము పలికించు చిత్రము. ఐరోపావారి ద్వారా మద్రాసు తీరమునకు వచ్చిన ఈ వాద్యమును ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు నేర్చి కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచెనని సంగీత చరిత్రకారులు చెప్పుదురు. విజయనగరము సంగీత కళాశాలకు 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానిని పక్కవాద్యముగానే గాక స్వతంత్ర కచేరీ వాద్యముగ కూడ నిలిపినారు. వాద్యమొక్కటియే; నడిచిన దారులు రెండు. ఇక్కడ అది మనిషి గొంతును అనుకరింప నేర్చినది. కొరెల్లి చేతిలో అది తోటి వాద్యముల నడుమ తన చోటును గుర్తెరిగి నిలుచుట నేర్చినది.

ఆ పన్నెండు కన్చెర్టోలలో మొదటి ఎనిమిది దేవాలయోచితములు; చివరి నాలుగు నృత్యగతులతో కూడిన సభోచితములు. ఎనిమిదవ దాని తలపై "క్రిస్మసు రాత్రికై రచింపబడినది" అని ఇటాలియనులో వ్రాసి ఉన్నది. లోకమున నేటికిని ఎక్కువగా వినబడునది ఇదియే.

మొదట పట్టుమని పది ఆవర్తములైన లేని ఒక చురుకైన ప్రవేశము. మేళమంతయు ఒక్క పెట్టున కొన్ని గట్టి పలుకులు పలికి, చటుక్కున ఆగిపోవును. నిశ్శబ్దము. పిదప నెమ్మదిగా, దీర్ఘ స్వరములతో గంభీరమైన ఒక భాగము మొదలగును. దీని తలమీద కొరెల్లి మూడు సూచనలు వ్రాసినాడు: విల్లును నిండుగా లాగుడు, స్వరమును నిలిపి పట్టుడు, ఉన్నది ఉన్నట్లు వాయింపుడు. ఈ మూడవ మాట ఎంత విలువైనదో తెలియుటకు నాటి ఆచారము తెలియవలెను. విలంబిత భాగములలో స్వరకర్త వ్రాసినది ఎముకల గూడు మాత్రమే. దానికి మాంసమును ఆభరణములను చేర్చుట వాద్యకారుని పని. కొరెల్లి అందులో సిద్ధహస్తుడు. ఆయన ఐదవ గ్రంథమును రోజే 1710లో మరల అచ్చువేయుచు, కొరెల్లి స్వయముగా వాయించు అలంకారములివి అని చెప్పి చేర్చి మరీ అమ్ముకొన్నాడు. అట్టి మనుష్యుడు ఇక్కడ మాత్రము, ఏమియు చేర్చవద్దు, ఉన్నది ఉన్నట్లు అని ఆన పెట్టినాడు. పైన చెప్పిన ఒరపిడులు ఇందు ఒకదాని వెనుక ఒకటి, మెల్లగా, అలంకారపు అడ్డుతెర లేకుండ వచ్చును. ఒక చిన్న గమకము తొంగిచూచినను అంతయు చెడును.

తరువాతి వేగభాగమున చిన్న జట్టులోని వయొలిన్లు రెండును మెట్లెక్కు ఆటనే ఈసారి ఉత్సాహముతో ఆడును. చెల్లో వాని క్రింద పరుగెత్తును. ఆ వెనుక శాంతమైన ఒక విలంబము. దాని నడుమ హఠాత్తుగా కొద్ది సేపు ఒక అలజడి. మరల అదే శాంతము. ఆ అలజడి ఎందుకు వచ్చెనో, ఎందుకు పోయెనో సంగీతము చెప్పదు. ఆపై మూడు దెబ్బల గతిలో ఒకటి, రెండు దెబ్బల గతిలో ఒకటి నృత్యమును తలపించు రెండు భాగములు. దేవాలయోచితమను పేరే గాని నృత్యము ఇందులోనికిని రాకమానలేదు. ఇంతవరకు సంగీతమంతయు ప్రధానముగా మైనరు శ్రుతిలో, మనకు నఠభైరవి, కీరవాణి మేళముల ఛాయలు తోచునట్లు నడచినది.

నృత్యభాగము ముగిసీ ముగియక ముందే అది జారి మరియొక దానిలోనికి దిగును. గాంధారము మారును. సాధారణ గాంధారము స్థానమున అంతర గాంధారము వెలయును. శంకరాభరణపు వెలుగు పరచుకొనును. నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడేసి అక్షరములుగా, ఊయల ఊగినట్టి తిశ్ర గతి. వయొలిన్లు రెండును జంటగా, స్వల్పమైన ఎడముతో సాగుచుండును. క్రింద మంద్రస్వరము కదలక నిలిచి శ్రుతి పట్టును. ఇది 'పాస్తొరాలె', గొల్లల పాట.

ఈ నిలుకడ శ్రుతి కొరెల్లి కల్పన కాదు. క్రిస్మసు సమీపించినప్పుడు అబ్రుజ్జీ కొండల నుండి పశుల కాపరులు రోము వీధులకు దిగివచ్చి, మేరీమాత ప్రతిమల యెదుట వాద్యములు వాయించు ఆచారము చిరకాలముగా ఉండెను. ఒకడు సన్నాయి వంటి వాద్యమును ఊదును; వేరొకడు తోలు సంచిలో గాలి నింపి శ్రుతి పట్టును. మన వీథి గాయకుల తిత్తి ఎట్టిదో అదియు అట్టిదే. బేత్లెహేములో శిశువును మొదట చూడవచ్చినవారు గొల్లలని క్రైస్తవుల పవిత్ర గ్రంథము చెప్పుచున్నది గనుక, ఆ రాత్రి గొల్లల సంగీతమునకు ఒక హక్కు ఉన్నది. కార్డినలు మందిరమున, పట్టు తెరల నడుమ, రోములోని ఉత్తమ వాద్యకారుల చేత కొరెల్లి ఆ తోలుసంచి శ్రుతిని పట్టించినాడు. దీనివంటి కన్చెర్టోలను తొరెల్లి, మాన్‌ఫ్రెదీనీ, లొకాతెల్లి మున్నగువారును వ్రాసినారు. హాండెల్ 1741లో రచించిన 'మెస్సయ్య'లో గొల్లల ఘట్టమునకు ముందు వచ్చు చిన్న వాద్యభాగమునకు ఆ కాపరుల వాద్యము పేరే పెట్టినాడు.

చిత్రమేమనగా, ఈ గొల్లల పాటకు కూడ కొరెల్లి "ఇష్టమున్న వాయింపుడు" అనియే వ్రాసినాడు. ఆ రాత్రికి మాత్రమే తగినది గనుక తక్కిన దినములలో విడిచిపెట్టవచ్చునని ఆయన అభిప్రాయము కాబోలు. నేడు విడిచిపెట్టువారు మిక్కిలి అరుదు.

కొరెల్లి భౌతిక కాయమును రోములోని ప్రాచీన పాంథియను మందిరమున సమాధి చేసినారు. రఫాయెలు చిత్రకారుని సమాధి కూడ అచటనే ఉన్నది. ఆయన వర్ధంతి దినమున ఏటేట అక్కడ పెద్ద మేళము కూడి ఆయన కన్చెర్టోలను వాయించు ఆచారము చాలయేండ్లు సాగినది. అందు ఆయన శిష్యులు అనేకులు కూర్చుండెడివారు. ఆ వాద్యము నిదానముగా, స్పష్టముగా, దృఢముగా, అలంకారములు లేక, వ్రాసినది వ్రాసినట్లు సాగినదని, 1730 ప్రాంతమున స్వయముగా విన్నవాని మాటగా ఆంగ్ల చరిత్రకారుడు జాన్ హాకిన్సు 1776లో వ్రాసినాడు. గురువు ఆన శిష్యుల విండ్లలో అప్పటికిని చెల్లుబడి అగుచునే ఉన్నది.

ఈ రచనలు ఇటలీకంటెను ఇంగ్లండులో ఎక్కువ కాలము బ్రతికినవి. అందుకు కారణము ముఖపత్రములోని ఆ చిన్న మాటయే. అష్టాదశ శతాబ్దిలో ఆంగ్ల పట్టణములలో సంగీతాభిమానులు చిన్న చిన్న సంఘములుగా ఏర్పడి వారమునకొక సాయంకాలము కూడి వాయించుకొనెడివారు. వర్తకుడు, వైద్యుడు, మతగురువు, ఎవరి వృత్తి వారిది; వయొలిను తీరికవేళ వ్యాసంగము. వివాల్డీ వ్రాసిన మెరుపులు వారి వ్రేళ్లకు అందవు. కొరెల్లి రచనలో చిన్న జట్టు స్థానములను, కూలికి పిలిపించుకొన్న ఇద్దరు ముగ్గురు సమర్థులు వహించెడివారు. చేయి ఇంకను స్థిరపడని వారందరును పెద్ద జట్టులో కూర్చుండెడివారు. పెద్ద జట్టు స్వరములు సులభములు. కాని అవి నీరసములు కావు. ఆ సులభ స్వరములు సరియైన క్షణమున వచ్చి పడకున్నచో సమర్థుల వాద్యము తేలిపోవును. కొత్తగా నేర్చినవాడు వాయించు రెండు స్వరములును గురువు వాయించు ఇరువది స్వరములును ఒకే రచనలో, దేని చోట అది అవసరమై నిలుచుట సంగీత చరిత్రలో తరచు కనబడు సంగతి కాదు. పాఠశాలలో ఒకే తరగతిలో చురుకైనవానిని, మందగమనుని కూర్చుండబెట్టుకొని ఇరువురికిని పని చెప్పవలసిన ఉపాధ్యాయులకు దీని కష్టము తెలియును.

ఇంగ్లండులో కొరెల్లి మార్గమును శిఖరమునకు చేర్చినవాడు హాండెల్. ఈ ఇరువురును రోములో కలిసికొన్నారు. 1707లో, ఇరువదిరెండేండ్ల జర్మను యువకుడైన హాండెల్ తన రచన కొకదానికి వ్రాసిన నాందీ సంగీతమును కొరెల్లి వాయించుచుండగా, అది తాను కోరినంత తీవ్రముగా రాలేదని, ఆ పెద్దవాని చేతిలోని వయొలినును లాగికొని తానే వాయించి చూపినాడట. కొరెల్లి కోపపడలేదు, ఇది ఫ్రెంచి మార్గము, నాకు తెలియనిది అని మృదువుగా మాత్రము అన్నాడట. 1760లో వెలువడిన హాండెల్ జీవితచరిత్రలో ఈ ముచ్చట ఉన్నది. ముప్పదిరెండేండ్ల తరువాత, 1739 సెప్టెంబరు 29 మొదలు అక్టోబరు 30 వరకు, ఒక్క నెలలో హాండెల్ పన్నెండు కన్చెర్టో గ్రోసోలు వ్రాసినాడు. సంఖ్య అదియే. చిన్న జట్టున రెండు వయొలిన్లు, ఒక చెల్లో, అమరికయు అదియే. గురువు ముప్పదియేండ్లు దిద్దినదానిని ఇతడు ముప్పది దినములలో ముగించినాడు, స్వభావములు వేరు. కొరెల్లి చేతినుండి వయొలినును లాగికొన్న యువకుడు ఏబదినాలుగవ యేట దానిని మరల ఆ చేతికే అందించినట్లున్నది ఈ రచన.

బాక్ 1721లో బ్రాండెన్‌బుర్గు ప్రభువున కర్పించిన ఆరు కన్చెర్టోలు ఈ జాతివే అయినను, అవి వేరు ప్రపంచము. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విధమైన వాద్యముల కూర్పు. వాని కథ వేరుగా చెప్పుకొనదగినది. శతాబ్ది మధ్యము దాటునప్పటికి సింఫనీ పెరిగి, ఒంటరి వీరుడు మేళముతో తలపడు కన్చెర్టో ప్రబలి, కన్చెర్టో గ్రోసో మూలబడినది. సుమారు నూటయేబది యేండ్లు ఆ పేరుతో చెప్పుకొనదగిన కొత్త రచనలు దాదాపుగా లేవు.

తిరిగి అది తల ఎత్తిన చోటులలో ఒకటి ఒక విద్యాలయము. స్విట్జర్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎర్నెస్ట్ బ్లాక్ అను స్వరకర్త, 1920 మొదలు క్లీవ్‌లాండు నగరపు సంగీత విద్యాలయమునకు అధ్యక్షుడుగా ఉండెను. ఐరోపాలో నాడు పాత శ్రుతి పద్ధతులన్నియు వెలి అయినవి; విద్యార్థులు కూడ ఆ పాత సామగ్రితో ఇక చెప్పగల కొత్త మాట ఏమున్నదని సందేహించిరి. బ్లాక్ వారితో వాదింపలేదు. తంత్రీవాద్యములకు పియానోను జోడించి ఒక కన్చెర్టో గ్రోసో వ్రాయ మొదలిడి, మొదటి భాగమును ఆ విద్యార్థుల మేళము చేతనే వాయింపజేసినాడు. వారు ఉత్సాహము పట్టజాలక పోయిరి. ఇప్పుడేమందురు, ఇందున్నవి ఆ పాత స్వరములే కదా, అని ఆయన నవ్వుచు అడిగినాడట. 1925లో నాలుగు భాగములుగా ఆ రచన పూర్తియైనది. మూడవ భాగమునకు ఆయన పెట్టిన పేరు 'పాస్తొరాలె, పల్లె నృత్యములు'.